పాఠకుడి చేతికి ఫోనిచ్చి పరువు కాపాడుకోవడం ఎలా?

హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి మెయిల్ వస్తుంది. ఉమ్మడి వరంగల్ వార్తల సైటును జనం ఫోన్లో ఎలా వాడుతున్నారో పరీక్షించి నెలాఖరులోగా రిపోర్టు పంపాలని. వెబ్ డెస్క్ ఇన్‌చార్జిగా మీకు గుండె జారుతుంది. అక్కర్లేదు. యూజబిలిటీ టెస్టింగ్ అంటే పరీక్షే, కాదనను. కానీ ఆ పరీక్ష ఎవరికి పెట్టాలన్నది మీ చేతిలో ఉంది. సైటుకు పెడితే సైటు తప్పుతుంది. పాఠకుడికి పెట్టండి. తప్పినా ఆయనే తప్పుతాడు, మన ఇంక్రిమెంటు ఎక్కడికీ పోదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సూత్రంలోంచి పుట్టినవే.

ముందు మనుషుల్ని పోగెయ్యాలి. ఈ విద్యలో పేరున్న జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పాడు. ఐదుగురి చేత వాడించి చూస్తే సైటులో ఉన్న ఇబ్బందుల్లో సుమారు 85 శాతం బయటపడతాయట. అంతకుముందు 1993లో ఆయనా థామస్ లాండవరూ కలిసి వేసిన లెక్కల్లోంచి, ఒక్కో మనిషి సగటున 31 శాతం ఇబ్బందుల్ని పట్టిస్తాడని తేలింది. ఐదు అన్న అంకె అక్కణ్నుంచి వచ్చింది. ఇంతవరకు చదివి ఆపేయండి. తర్వాత ఆయన ఏమన్నాడంటే, దొరికినవి సరిచేసి మళ్లీ ఇంకో ఐదుగురితో చూడమన్నాడు. వాడేవాళ్లు రకరకాలవాళ్లయితే ఒక్కో రకం నుంచి కొందర్ని పిలవమన్నాడు. అదంతా మనకెందుకు? ఐదు చాలు. ఐదుగురూ ఆఫీసులోనే దొరుకుతారు: సైటు కట్టిన కుర్రాడు, పేజీలు పెట్టే ఆపరేటరు, యాడ్స్ సెక్షన్ ఆయన, సర్క్యులేషన్ మేనేజరు, సెలవులకు వచ్చిన ఎడిషన్ ఇన్‌చార్జి గారి అబ్బాయి. అబ్బాయి బీటెక్ కాబట్టి యువతరం ప్రాతినిధ్యం కూడా కుదిరింది.

బయటివాళ్లే కావాలని పైవాళ్లు పట్టుబడితే ఎవరిని పిలవకూడదో తెలుసుకోండి. నర్సంపేట నుంచి మిర్చి బస్తాలతో ఎనుమాములకు వచ్చే రైతు, వరంగల్ స్టేషన్ ముందు ఆటో పెట్టుకునే మనిషి, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయే రిటైర్డ్ టీచరు, ఇంటర్ చదివే కొడుకుతో ఒకే ఫోను పంచుకునే అంగన్‌వాడీ టీచరు. వీళ్లు మన సైటును నిజంగా చూసేవాళ్లు. చిక్కంతా అక్కడే ఉంది.

స్థలం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏసీ కాన్ఫరెన్స్ హాలు, ఆఫీసు వైఫై, ఎడిటర్ గారి కొత్త ఫోను. ఇంకా భద్రంగా ఉండాలంటే కంప్యూటర్లోనే బ్రౌజరు కిటికీని సన్నగా లాగి ‘ఇదే మొబైల్ అనుకోండి’ అనండి. హనుమకొండ బస్టాండులో మిట్టమధ్యాహ్నం నిలబడి, 2 జీబీ ర్యామున్న పాత ఫోన్లో, బూడిదరంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద చదవమని మాత్రం ఎవరినీ అడగొద్దు. అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు రాసినవాళ్లు ఓరుగల్లు ఎండను తలుచుకునే రాశారేమో అనిపిస్తుంది. వాళ్లకు మన డిజైనరు అభిరుచి ఏం తెలుసు?

మనిషి వచ్చి కూర్చోగానే టీ ఇప్పించండి. సమోసా అయితే మరీ మంచిది. తర్వాత సైటు గురించి ఓ అరగంట వివరించండి. ‘ఇదిగో పెద్దాయనా, పైన ఎడమవైపు మూడు గీతలున్నాయి చూశారా, అది నొక్కితే మెనూ వస్తుంది’ అని వేలుపెట్టి చూపించండి. ఆ వెంటనే మొదటి ప్రశ్న వేయండి: ‘మెనూ ఎక్కడుందో కనుక్కోగలరా?’ కనుక్కుంటాడు. కాగితం మీద నూటికి నూరు వేసుకోండి. ఎవరైనా ఆ మూడు గీతలు జనానికి తెలుస్తాయా అని సందేహిస్తే, 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటరు కోసం నార్మ్ కాక్స్ గీసినప్పటి నుంచీ అవి ఉన్నాయని చెప్పండి. నలభై ఏళ్లు దాటాయి. పర్వతగిరిలో ఈపాటికి చంటిపిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

పుస్తకాల్లో ఇంకో వింత పద్ధతి రాసి ఉంటుంది. ఫోను వాడుతున్న మనిషిని మనసులో అనుకునేదంతా పైకి చెప్పమనాలట. మనం నోరు మూసుకుని వినాలట. ఆయన ఎక్కడో ఇరుక్కుపోయి తెల్లమొహం వేసినా సాయం చేయకూడదట. ఇంటికొచ్చిన మనిషితో ప్రవర్తించే తీరేనా ఇది? ఆయన వేలు గాల్లో ఆగిందంటే చాలు, ఫోను చేతిలోంచి లాక్కుని మీరే నొక్కి చూపించండి. ఆయన మొహంలో వెలుగు వస్తుంది. ‘సమస్య పరిష్కారమైంది’ అని రాసుకోండి.

నిజానికి ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. మన నేలమీద ఒక వరం ఉంది, అమెరికా పుస్తకాలకు అందనిది. మన టీ తాగిన మనిషి మన మొహం మీద మన సొమ్మును బాగోలేదనడు. పెళ్లిచూపుల్లో పిల్ల పాట ఎలా ఉందని అడిగినట్టే ఇదీ. జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ‘ఎట్లున్నది సైటు?’ అనగానే ‘మంచిగున్నది సార్’ అంటాడు. ఎడిటర్ గారు స్వయంగా ఎదుట కూర్చుంటే ‘శానా మంచిగున్నది’ అవుతుంది. మీ మండల విలేకరి తీసుకొచ్చిన మనిషైతే ఇక చెప్పనక్కర్లేదు. రేపు ఆయన ఇంట్లో పెళ్లి వార్త వేయాల్సింది ఆ విలేకరే. పావుగంట తడుముకుని ఏమీ దొరకనివాళ్లు కూడా చివరికి చేతులు కట్టుకుని ‘నాకే సమజైతలేదు సారూ, మీది మంచిగనే ఉన్నది’ అంటారు. ఈ వాక్యాన్ని బంగారు అక్షరాలతో రాసుకోవాలి. దోషం ఎవరిదో దోషే ఒప్పుకున్నాక పంచాయితీ ఎందుకు?

అందుకే ఎవరేం చేశారో చూడకండి, ఏమన్నారో రాసుకోండి. చేసినదాన్ని చూడటం మొదలుపెడితే మర్యాద మాటలన్నీ నీళ్లపాలవుతాయి.

ఇప్పుడు అసలు విషయం, ప్రశ్నల కూర్పు. దీన్ని ఎడమచేత్తో చేసేవాళ్లే దొరికిపోతారు. ‘ఇయ్యాల ఎనుమాములల తేజ రకం మిర్చి క్వింటాలుకు ఎంత పోయింది, చూడు బాపూ’ అని ఇంటి భాషలో అడిగారంటే కొంప మునిగినట్టే. ఆయన హోంపేజీలో క్రికెట్టు దాటి, సినిమా దాటి, రాశిఫలాలు దాటి, ఢిల్లీ రాజకీయం దాటి కిందికి జారుతూనే ఉంటాడు. జిల్లా వార్తల సైటులో జిల్లా కోసం వెతుకుతున్నాడన్న సంగతి నలుగురికీ తెలిసిపోతుంది. ప్రశ్నను మెనూలో ఉన్న మాటలతోనే వేయాలి: ‘స్థానికం విభాగంలో వాణిజ్యం ఉపవిభాగం తెరవండి.’ అప్పుడది వార్త వెతకడం కాదు, అక్షరాలు జతపరచడం. ఒకటో తరగతి పిల్లలు కూడా నెగ్గుతారు.

జిల్లాల మెనూ జోలికైతే అసలు పోవద్దు. దాని చరిత్ర మీకు తెలుసు గనక కారణం చెబుతాను. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. రూరల్‌లో ఉన్న పరకాల హనుమకొండలోకి వచ్చింది, వరంగల్ నగరం అర్బన్ వదిలి వరంగల్‌లో చేరింది. ప్రభుత్వం ఇన్నిసార్లు మార్చినా మన మెనూ ఒక్కటే మాట మీద నిలబడింది. అందులో అర్బనూ ఉంది, రూరలూ ఉంది, ఉత్త వరంగలూ ఉంది, వాటి పైన ‘ఉమ్మడి వరంగల్’ అని ఇంకోటి ఉంది. పరకాల మనిషి తన ఊరి వార్త కోసం వీటిలో ఏది నొక్కాలి? నాలుగూ నొక్కుతాడు. నాలుగు పేజీ వ్యూలు. ఇంతకంటే గొప్ప మెనూ ఎవరికుంది చెప్పండి?

మేడారం సంగతి మరీ ముచ్చట. ఊరు ఉన్నచోటే ఉంది. కానీ 2016కు ముందు రాసిన జాతర వార్తలకు వరంగల్ ట్యాగు, తర్వాతి వాటికి భూపాలపల్లి ట్యాగు, 2019 నుంచి ములుగు ట్యాగు. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షలమంది బస్సుల వేళల కోసం, గద్దెల దారి కోసం మన సైటుకు వచ్చి మూడు జిల్లాలు తిరుగుతారు. జాతర వారంలో ట్రాఫిక్కు పెరగడానికి మనం చేసిన కృషి అదే.

‘అయితే సెర్చ్ పెట్టె ఉందిగా, ఊరి పేరు కొట్టుకోమందాం’ అంటారు కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు. కొట్టనివ్వకండి. మన డెస్కులో ఒకరు హనుమకొండ అని రాస్తారు, ఒకరు హన్మకొండ అని, ఇంకొకరు హనంకొండ అని. పాఠకుడు వీటిలో ఏదీ కొట్టడు. ఇంగ్లిషు అక్షరాల్లో కొడతాడు, లేదా మైకు గుర్తు కోసం వెతుకుతాడు. మన పెట్టె ఉన్నది ఉన్నట్టు పోల్చి చూసి ‘ఫలితాలు లేవు’ అంటుంది. హనుమకొండలో ఆఫీసు పెట్టుకుని హనుమకొండ వార్త లేదని చెప్పే పేజీని పరీక్ష గదిలో ఎవరికీ చూపించకూడదు. భూతద్దం బొమ్మను ఆ పూటకు తీసేయించండి.

హెడ్డింగుల విషయంలో కూడా ఒక మెలకువ ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. లేదు, కాదు, వద్దు అన్నవీ అక్కడే. మన టెంప్లేటు ఇంగ్లిషు హెడ్డింగుల కొలతకు కట్టింది గనక రెండో లైను నిండగానే మిగతాది కోసి మూడు చుక్కలు పెడుతుంది. ‘భారీ వర్షాలు: వరంగల్, హనుమకొండలో రేపు పాఠశాలలకు సెలవు...’ అని కనిపిస్తుంది. లోపలికి వెళ్తే ‘లేదన్న డీఈవో’ అని ఉంటుంది. వెళ్లినవాళ్ల వల్ల మనకు క్లిక్కు, వెళ్లనివాళ్ల వల్ల వాళ్ల పిల్లలకు సెలవు. ఇద్దరూ సంతోషమే. కొన్ని టెంప్లేట్లు జాగా చూడవు, అక్షరాలు లెక్కపెట్టి కోస్తాయి. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం, కంప్యూటరుకు ఆరు. నాలుగో దగ్గర కత్తి పడిందంటే పొల్లుతో ఒక మొండెం మిగులుతుంది. లైన్ల మధ్య ఎడం ఇంగ్లిషుకు సరిపడా ఉంచడం వల్ల పైలైను వత్తులు కిందిలైను గుడుల మీద ఎక్కి కూర్చోవడం మామూలే.

ఇవి పరీక్షలో బయటపడకుండా డిజైనర్లు ఎప్పుడో మార్గం కనిపెట్టారు. నమూనా పేజీలో వార్తల బదులు అర్థం లేని లాటిన్ రాత నింపుతారు. లాటినుకు వత్తుల్లేవు, గుడుల్లేవు, అందరికీ ముద్దొస్తుంది. ఆ పేజీనే పాఠకుడికి చూపించి ‘చదవడానికి వీలుగా ఉందా?’ అని అడగండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే కూర్పు తెరమీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయని గోలైంది. యాపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 పంపి సరిచేసింది. వేల మైళ్ల దూరంలో కూర్చున్నవాళ్లు ఒక్క తెలుగు కూర్పు కోసం అంత హడావుడి పడటం నాకైతే అతి అనిపించింది. మనం అలాంటి తొందరపాటు మనుషులం కాదు.

యాడ్ల దగ్గరికొద్దాం. పరీక్షకు వాడే సైటులో యాడ్లు ఉండకూడదు. ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అన్న పెట్టె, ‘యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి’ అన్న పట్టీ, దానంతటదే మోగే వీడియో కూడా ఉండకూడదు. అవన్నీ అసలు పాఠకులకు రిజర్వు చేసినవి. కొయలిషన్ ఫర్ బెటర్ యాడ్స్ అనే పరిశ్రమ సంఘం 2017లోనే ఒక జాబితా ఇచ్చింది. ఫోన్లో పేజీ మీదికి ఉరికే పాపప్‌లు, శబ్దంతో మొదలయ్యే వీడియోలు, వార్త పొడవులో 30 శాతం దాటిన ప్రకటనలు జనానికి చిరాకని. వీటిని మాననివాళ్ల సైట్లలో యాడ్లను క్రోమ్ 2018లో కొన్ని దేశాల్లో, 2019 జూలై నుంచి ప్రపంచమంతటా ఆపడం మొదలెట్టింది. ఈ సంగతి యాడ్స్ సెక్షన్ ఆయనకు చెప్పకండి. పాపం, బీపీ మనిషి.

యాడును మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఉండాలి. వెబ్ ప్రమాణాల 2023 కూర్పు, నొక్కేది ఏదైనా కనీసం 24 పిక్సెళ్లుండాలంటుంది. మన బంగారు రుణాల ప్రకటనదారుకు ఆ నిబంధన నచ్చదు. స్టీవెన్ హూబర్ అనే ఆయన 2013లో వీధుల్లో, బస్సుల్లో, స్టేషన్లలో 1,333 మందిని గమనించి, తెరను తాకుతున్నవాళ్లలో 49 శాతం ఫోన్ని ఒంటిచేత్తోనే పట్టుకుని బొటనవేలితో నొక్కుతున్నారని తేల్చాడు. రెండో చేతిలో సంచీయో, బస్సు కమ్మీయో ఉంటుంది కదా మరి. కాబట్టి పరీక్షలో ఫోన్ని బల్లమీద స్టాండుకు బిగించి చూపుడువేలితో నొక్కించండి, గురి తప్పదు. అసలు సైటులో మాత్రం బొటనవేలు తప్పనీ. మిర్చి ధర మీద వేలు పెట్టబోయే క్షణంలో పైనుంచి యాడు దిగి పేజీ జానెడు కిందికి జరుగుతుంది, వేలు బంగారు రుణం మీద పడుతుంది. ఇలా పేజీ కదిలిపోవడాన్ని కొలవడానికి గూగుల్ ఒక కొలమానం పెట్టి 0.1 దాటొద్దంటోంది. మన దగ్గర దాన్ని రెవెన్యూ అంటారు.

ఎప్పుడు పరీక్షించాలన్నది కూడా ముఖ్యమే. వానాకాలంలో వద్దు. అప్పుడు జనం ఒకే ఒక్క ముక్క కోసం వస్తారు: ఏ వాగు రోడ్డెక్కింది, ఏ దారి మూశారు, బస్సు పోతుందా పోదా. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరే మునిగింది. అలాంటి పూట ఇంటి కప్పు మీద నిలబడి, అడుగంటిన చార్జింగుతో సైటు తెరిచే మనిషి ‘ఇంకా చదవండి’ అన్న బటన్లు నొక్కుతూ, ఒక్కోదానికీ కొత్త పేజీ లోడయ్యే ఫొటో గ్యాలరీ తిప్పుతూ కూర్చోడు. ఆ ఒక్క లైను ఎన్ని సెకన్లలో దొరికిందని గడియారం పెట్టి చూశారో, ఇప్పటిదాకా మనం రాసుకున్న మార్కులన్నీ కొట్టుకుపోతాయి. ఎండాకాలం పెట్టుకోండి. పెద్ద సినిమా విడుదలైన వారమైతే మరీ శ్రేయస్కరం.

పరీక్ష జరుగుతుంటే గదిలోకి ఎవరినీ రానివ్వకండి. స్టీవ్ క్రగ్ అనే ఆయన నెలకో పూట ముగ్గురితో వాడించి, సిబ్బందంతా పక్క గదిలో కూర్చుని చూసి, మధ్యాహ్నం భోజనాల దగ్గరే ఏం సరిచేయాలో తేల్చుకోమంటాడు. ఎంత ప్రమాదకరమైన మనిషో చూడండి. తను రాసిన వార్త కోసం ఒక ముసలాయన ఐదు నిమిషాలు తడుముకోవడం కళ్లారా చూసిన సబ్ ఎడిటరు మర్నాటి నుంచి మన మాట వింటాడా? దానికంటే గంటల తరబడి వీడియో తీయించి, హార్డ్ డిస్కులో వేసి, బీరువాలో పెట్టి తాళం వేయండి.

మార్కులు మాత్రం రిపోర్టులో ఉండాలి. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక ఒకటుంది, సస్ అంటారు. 0 నుంచి 100 దాకా మార్కు వస్తుంది. అది శాతం కాదు, పైగా సగటు సైటుకు 68 దాకా వస్తుంది. మనకు 60 వచ్చిందనుకోండి, అంటే సగటుకంటే కింద. కానీ మన దేశంలో 60 అంటే ఏమిటి? ఫస్ట్ క్లాస్. అలాగే రాయండి, రంగు గ్రాఫుతో.

చివర్లో సిఫార్సులు ఉండకపోతే పని చేయలేదనుకుంటారు. ఖర్చులేనివి రాయాలి: లోగోలో ఎరుపు కొంచెం చిక్కబరచడం, ‘స్థానికం’ అన్నదాన్ని ‘లోకల్’ చేయడం. మెనూలోంచి అర్బన్, రూరల్ తీసేయడం లాంటి అరగంట పనులు రాయకండి. అరగంట పనైతే ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదని అడుగుతారు. దానికి బదులు ‘వచ్చే ఆర్థిక సంవత్సరంలో సైటును సమూలంగా పునర్నిర్మించాలి’ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. తొంభై పేజీల పీడీఎఫ్ చేసి, అడ్డంగా తిప్పి, ఫోన్లో తెరుచుకోనంత బరువుగా పంపండి.

ఇంత చేశాక కూడా కొందరు రైతులు ఆఫీసు ల్యాండ్‌లైనుకు ఫోన్ చేసి ‘అమ్మా, ఇయ్యాల తేజ ఎంత పోయింది?’ అని అడుగుతూనే ఉంటారు. సైటులో చూసుకోమని చెప్పమని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి గట్టిగా ఆదేశించండి. ఆమె మాత్రం ఒక చేత్తో రిసీవరు పట్టుకుని, ఇంకో చేత్తో జిల్లా టాబ్లాయిడ్ ఆఖరి పేజీ తిప్పి, నిన్నటి ధర చదివి వినిపిస్తుంది. ఆమెను పరీక్షకు పిలవకండి.